సరిచూసే చెయ్యి

"నూట అరవై ఎనిమిది" అన్నాడు భర్త గుమ్మంలోనే, చెప్పులు విప్పకుండా.

సింకు దగ్గర గిన్నెలు తోముతున్న ఆమె కుళాయి కట్టేసింది. "కింది అంకె?"

"నూట రెండు."

తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని అలమర మీది నోటుపుస్తకం తీసింది. రెండు వారాల కిందటి తేదీ పక్కన నూట అరవై ఆరు అని ఉంది. దాని కింద ఇవాళ్టి తేదీ వేసి, రెండంకెలూ రాసి, పెన్నుకు మూత పెట్టింది. అప్పుడుగానీ అతని మొహంలోకి చూడలేదు.

హెల్మెట్టును రోజూ తగిలించే మేకుకు తగిలించకుండా బల్ల మీద బోర్లా పెట్టాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు. ఆ చేతుల్ని చూసే గోదాములో అందరూ అతన్ని రోకలి అంటారు. క్రేను ఎక్కకముందు పదేళ్ళు బస్తాలు మోసిన చేతులు. దుకాణంలో కొన్న చొక్కా ఏదీ ఆ చేతులకు ఎక్కదు. కొత్త చొక్కా రాగానే ఆమె చేతుల కుట్టు విప్పి, రెండు వైపులా రెండంగుళాల గుడ్డ వేసి మళ్ళీ కుడుతుంది.

"శుక్రవారం మూడోసారి చూస్తారు. ఆ రోజు డాక్టరుగారు వస్తారు. అప్పుడు కూడా నూట అరవై దాటితే ఇక పైకి ఎక్కనివ్వరు. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకోమంటారు."

"రాసుకో. నీడపట్టున ఉంటావు" అంది మంచం మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు. "అయినా రక్తం ఎక్కువుంటే మంచిదే కదరా. తక్కువైతే కదా కంగారు పడాల్సింది!"

"అది రక్తం కాదమ్మా, రక్తపు పోటు."

"పోటో, గీటో. మీ నాన్న చేతులూ ఇంతే. ఏ మిషన్లూ పెట్టకుండానే ఎనభై ఏళ్ళు బతికాడు."

అతను నవ్వలేదు. గోదాము కప్పు కింద నలభై అడుగుల ఎత్తులో వేలాడే చిన్న ఇనుపగది అతనిది. కింద ఈల వేసేవాడి చెయ్యి చూస్తూ, మీట మీద వేలి బరువు మాత్రమే వేసి, లారీ అంత బరువున్న ఇనుప చుట్టల్ని లేపి దించుతాడు. పదకొండేళ్ళలో ఒక్క చుట్టయినా గోడకు రాసుకోలేదు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని నంబర్లు రాసుకుంటూ అతను ఎన్నాళ్ళు మనిషిలా ఉంటాడో ఆమెకు తెలుసు.

కాకపోతే ఆమె భయం ఇంకొకటి ఉంది, దాన్ని పైకి అనలేదు. ఆ అంకె నిజమైతే? ఆ ఇనుపగదిలో ఒక్కడే ఉన్నప్పుడు, కొక్కేనికి చుట్ట వేలాడుతుండగా, కళ్ళు తిరిగితే? కింద ఈల వేసే మనిషికి కూడా పెళ్ళాం ఉంది.

"ఎలా చూశాడు కాంపౌండరు?" అని అడిగింది.

"ఎలా చూడటమేమిటి? మూడంతస్తులు ఎక్కి వెళ్ళి వరసలో నిలబడ్డాం. నా వంతు రాగానే స్టూలు మీద కూర్చోబెట్టి పట్టీ చుట్టాడు. అది సరిగా అతుక్కోదు, వేలితో అదిమిపట్టుకున్నాడు. గాలి కొట్టినంతసేపూ 'ఏం రోకలీ, మీ వాళ్ళు నిన్న ఆటలో ఓడిపోయారటగా' అంటూ కబుర్లు."

"మీరు జవాబు చెప్పారా?"

"చెప్పకపోతే ఊరుకుంటాడా?"

ఆమె నోటుపుస్తకంలో ఆ అంకెల పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టింది.

*

మంగళవారం ఉదయం వీధి చివరి మందుల దుకాణానికి వెళ్ళి, మూడు రోజుల్లో నచ్చకపోతే వాపసు తీసుకునే ఒప్పందం మీద బీపీ మిషన్ తెచ్చింది.

ఏ వస్తువు కొన్నా ముందు సరిచూడటం ఆమెకు అలవాటు. కొత్త త్రాసు కొన్నప్పుడు సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టు దాని మీద పెట్టి చూసింది. యాభై గ్రాములు తేడా చూపిస్తే ఆ పూటే వెనక్కి ఇచ్చేసింది. బీపీ మిషన్‌కూ అలాంటి నమ్మకమైన తూకం ఒకటి కావాలి. అత్తగారిని అడిగితే "నా పోటు నా దగ్గరే ఉండనీ, అమ్మాయ్. చూస్తే కదా పెరిగేది!" అని చేతులు వీపు వెనక దాచుకుంది. ఇక ఇంట్లో జబ్బూ జ్వరమూ లేని మనిషి తనే. బల్ల ముందు కూర్చుని, కాగితంలో చెప్పినట్టే పట్టీ చుట్టుకుని, మీట నొక్కింది.

నూట డెబ్భై ఆరు. కింద నూట నాలుగు.

పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి చూసింది. నూట డెబ్భై తొమ్మిది.

"నీకా?" అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వింది. "నీకే అంతుంటే ఈపాటికి ఆవిరి వదిలేదానివి, అమ్మాయ్. తెల్లారి లేచిన దగ్గర్నుంచీ బొంగరంలా తిరుగుతూనే ఉంటావు."

"అదే కదా అత్తయ్యా. ఇది పిచ్చి మిషన్."

సాయంత్రం అతను వచ్చాక అతని చేతికీ చుట్టి చూసింది. గట్టిగా లాగి పట్టుకుంటేగానీ పట్టీ అందలేదు. నూట డెబ్భై. అతను పట్టీ లాగెయ్యబోయాడు.

"ఆగండి. ఇందాక నా చేతికి చుడితే నూట డెబ్భై ఆరు చూపించింది. నాకే అంత చూపించేది మీకు ఎంత చూపిస్తే ఏం? దీన్ని నమ్మక్కర్లేదు."

ముందురోజు కాంపౌండరు అంకె చెప్పిన తర్వాత మొదటిసారి అతను తేలిగ్గా ఊపిరి వదిలాడు. "అంటే కాంపౌండరు మిషన్ కూడా ఇలాంటిదే అయ్యుంటుందంటావా?"

"అయ్యుండొచ్చు. చూద్దాం."

నోటుపుస్తకంలో కొత్త పేజీకి పైన గీతలు గీసింది. మొదటి గడిలో మిషన్, రెండో గడిలో నా చెయ్యి, మూడో గడిలో ఆయన చెయ్యి, చివర తేలింది. మొదటి వరస చివర 'తప్పు' అని రాసింది.

రెండు వారాలుగా పొయ్యి మీద రెండు గిన్నెలు. అతనికి ఉప్పు లేని కూర, మిగతా ఇద్దరికీ మామూలుది. అతనికి ఎంతో ఇష్టమని వేసవిలో పెట్టిన ఊరగాయ జాడీ నిండుగా ఉంది. పారబొయ్యడానికి మనసొప్పక తనే రోజూ పూటకింత వేసుకుంటోంది. అతను తన కంచంలోని చప్పటి ముద్దను ఆమె కంచం వైపు చూస్తూ మింగాడు.

"అలా చూడకండి, నాకు దిగదు" అంది ఆమె.

*

బుధవారం మార్చి తెచ్చిన రెండో మిషన్ వేరే కంపెనీది, కాస్త పెద్దది, అంకెలు కూడా పెద్దవి. ఆమె చేతికి నూట డెబ్భై మూడు చూపించింది. అతని చేతికి చూడనైనా చూడలేదు. దాన్నీ సంచీలో పెట్టుకుని మళ్ళీ దుకాణానికి నడిచింది.

దుకాణదారు పెట్టె తెరిచి, మిషన్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కూడా తప్పేనా అమ్మా? నెలకు పాతిక అమ్ముతాను. ఒక్కళ్ళూ వాపసు తేలేదు."

"వాళ్ళు సరిచూసుకుని ఉండరు."

"మీరు దేంతో సరిచూశారు?"

"నా చేతితో."

అతను కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశాడు. "పోనీ ఒకసారి మీ చెయ్యి సంగతి కూడా..."

"నా చేతికేమైంది? ఈ పన్నెండేళ్ళలో మీ దగ్గర తలనొప్పి మాత్ర కొన్నానా?"

"అదీ నిజమే. మీలాంటివాళ్ళు నలుగురుంటే నేను దుకాణం మూసుకోవాలి." నవ్వి, పెట్టె మూసి పక్కన పెట్టాడు. వెనక నిలబడ్డ మనిషి చీటీ చాపుతుంటే అందుకుంటూ అన్నాడు: "మూడోది ఇవ్వమంటే ఇస్తాను. కానీ నా మాట వినండి. పార్కు పక్కన మేడలో గుండెజబ్బుల మీద పరిశోధన చేసేవాళ్ళున్నారు. వాళ్ళ మిషన్లకు తిరుగులేదు. రేపు మీ ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళండి."

ఇంటికొచ్చి రెండో వరస చివర కూడా 'తప్పు' అని రాసింది. ఇంకా రెండు రోజులే ఉంది.

*

గురువారం అతను సగం రోజు సెలవు పెట్టాడు. పరిశోధన వాళ్ళ గదిలో గోడకు ఏమీ లేదు, గడియారం తప్ప. తెల్ల గౌనులో ఉన్న నర్సు పేరూ, వయసూ, కాంపౌండరు చెప్పిన అంకెలూ రాసుకున్నాక మిషన్ తియ్యలేదు. సొరుగులోంచి దర్జీ టేపు తీసింది.

"చొక్కా చెయ్యి పైకి మడవండి. ముందు చుట్టుకొలత చూడాలి."

"పదిహేడు అంగుళాలు" అంది ఆమె.

నర్సు కొలిచింది. "సరిగ్గా పదిహేడు. మీకెలా తెలుసు?"

"ఆయన చొక్కాలకు గుడ్డ వేసేది నేనే."

"అయితే మీకు చెప్పడం తేలిక. దుకాణంలో చొక్కా ఈయనకు పట్టనట్టే మామూలు పట్టీ కూడా పట్టదు. చిన్న పట్టీ లావు చేతికి చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మెట్లెక్కి వచ్చి కూర్చోగానే చూసినా, చెయ్యి గాల్లో వేలాడుతున్నా, మాట్లాడుతున్నా ఇంకాస్త పెరుగుతుంది. అన్నీ కలిస్తే పాతికా ముప్ఫై కూడా తేడా రావచ్చు."

పెద్ద పట్టీ తీసి అతని చేతికి చుట్టింది. అది చొక్కా చెయ్యంత సుఖంగా అమరింది. వీపు కుర్చీకి ఆనించమంది, పాదాలు నేల మీద పెట్టమంది, చేతి కింద గుండె ఎత్తుకు వచ్చేలా దిండు పెట్టింది. "అయిదు నిమిషాలు కదలకండి. మాట్లాడకండి."

"బయట బాగా ఎండగా..." అని అతను మొదలుపెట్టాడు.

"మాట్లాడకండి అన్నారుగా!" అంది ఆమె. నర్సు ఆమెకేసి కూడా చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది.

గడియారం ముల్లు అయిదు చుట్లు తిరిగేదాకా ఆమె దాన్నే చూసింది. మధ్యలో రెండుసార్లు లేచి కిటికీ రెక్క సర్దింది.

నూట ముప్ఫై ఆరు. కింద ఎనభై నాలుగు. నిమిషం ఆగి మళ్ళీ చూస్తే నూట ముప్ఫై నాలుగు.

అతను ఆమె వైపు తిరిగాడు. మడిచిన చొక్కా చేతిని దించుకున్నాడు.

"కాస్త ఎక్కువే, ఉప్పు తగ్గించండి, నడవండి" అంది నర్సు. "కానీ నూట అరవై ఎనిమిది మాత్రం కాదు. మీరు కూడా చూపించుకుంటారా? ఎలాగూ వచ్చారు."

"నాకేం, నేను బాగానే ఉన్నాను. అత్తయ్య ఒక్కరే ఉన్నారు, పొయ్యి ముట్టించాలి." ఆమె అప్పటికే సంచీ భుజానికి వేసుకుంది. "నాకు కావాల్సింది ఇంకొకటుంది. ఈ కాగితం తీసుకెళ్తే కాంపౌండరు ఒప్పుకోడు, బయటి కాగితాలు చెల్లవంటాడు. ఈ పట్టీ ఒక్కరోజు ఇవ్వగలరా?"

నర్సు కాసేపు ఆలోచించి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని, పట్టీని చుట్టి చేతిలో పెట్టింది. "రేపు సాయంత్రానికల్లా తిరిగి రావాలి."

ఇంట్లో మూడో వరస రాసింది. 'నా చెయ్యి' గడి ఖాళీగా వదిలేసింది. చివర 'ఒప్పు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది.

*

కంపెనీ వైద్యం గదికి కుటుంబాలను కూడా రానిస్తారు. శుక్రవారం ఆమె కార్డు చూపించి, అతని వెనకే మూడంతస్తులూ ఎక్కింది. వరసలో ఎనిమిదిమంది ఉన్నారు. అవతలి బల్ల దగ్గర డాక్టరుగారు తలెత్తకుండా కాగితాల మీద సంతకాలు చేస్తున్నారు. ఇవతల స్టూలు దగ్గర కాంపౌండరు పట్టీ చుడుతున్నాడు, గాలి కొడుతున్నాడు, చెవుల్లోంచి స్టెతస్కోపు తియ్యకుండానే కబుర్లాడుతున్నాడు.

"రా రోకలీ. ఏంటి, ఇవాళ ఇంటావిణ్ణి కూడా తెచ్చావు? సిఫారసుకా?"

"కాంపౌండరుగారూ, ఆయన మెట్లెక్కి వచ్చారు. ఒక్క అయిదు నిమిషాలు కూర్చోనివ్వండి" అంది ఆమె.

"కూర్చోడానికి ఇదేం పార్కా అమ్మా? వెనక ఎంతమంది ఉన్నారో చూశారా?"

ఆమె సంచీలోంచి పెద్ద పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. "పోనీ దీనితో చూడండి. ఆయన చేతికి మీది చాలదు."

కాంపౌండరు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వరసలో వాళ్ళకు చూపించాడు. "ఇదేమిటి, ఏనుక్కి కట్టేదా?"

వెనకనుంచి నవ్వులు వినిపించాయి. రోకలి చెవులు ఎర్రబడ్డాయి. కాంపౌండరు తన పట్టీయే చుట్టి, అతుక్కోని అంచును బొటనవేలితో అదిమి, రబ్బరు బుడ్డి నొక్కాడు. ముల్లు ఎగిరి, వణుకుతూ దిగింది.

"నూట డెబ్భై. కింద నూట రెండు. మూడోసారి." ఎర్ర అట్ట పుస్తకం దగ్గరికి లాక్కుని పెన్ను తీశాడు.

ఆమె తన అరచెయ్యి ఆ పేజీ మీద పెట్టింది.

"రాయకండి."

నవ్వులు ఆగిపోయాయి. "చెయ్యి తియ్యండమ్మా" అన్నాడు కాంపౌండరు మెల్లగా. ఆమె తియ్యలేదు. పెన్ను మొన ఆమె వేళ్ళకు జానెడు దూరంలో ఆగింది.

"ఏమిటక్కడ?" డాక్టరుగారు మొదటిసారి తలెత్తారు.

ఆమె సంచీలోంచి నోటుపుస్తకం తీసి బల్ల మీద విప్పి, ఒక్క మాట తడబడకుండా చెప్పింది. పదిహేడు అంగుళాల చెయ్యి, వేలితో అదిమిపట్టిన పట్టీ, మూడంతస్తుల మెట్లు. డాక్టరుగారు లేచి వచ్చి పెద్ద పట్టీని తిప్పి చూశారు. పాత పట్టీ గొట్టం ఊడదీసి, దీన్ని తగిలించి, రోకలిని తన ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టారు. అయిదు నిమిషాల పాటు వరసలో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

"నూట ముప్ఫై ఎనిమిది. ఎనభై ఆరు" అన్నారు డాక్టరుగారు.

"సార్, అది ఎవరికి చుట్టినా తక్కువే చూపిస్తుంది" అన్నాడు కాంపౌండరు. "రేపట్నుంచి అందరూ ఇంటినుంచి పట్టీలు తెచ్చుకుంటారు. పోయిన నెలే సరిచేయించిన మిషన్ ఇది. ఇరవై ఏళ్ళుగా నేను చూసినవన్నీ తప్పంటారా?"

"అదీ తేల్చుకుందాం" అంది ఆమె. స్టూలు మీద కూర్చుని చెయ్యి చాపింది. వారమంతా చాచినట్టే, అదే చెయ్యి. "నాది మామూలు చెయ్యి, పదిన్నర అంగుళాలు. ఏ జబ్బూ లేదు. మీ పట్టీయే చుట్టండి. నాకు ఎక్కువ చూపించిందంటే మీ మిషన్ తప్పని ఒప్పుకుంటారా?"

కాంపౌండరు డాక్టరుగారి వైపు చూశాడు. ఆయన తలూపారు.

ఈసారి కబుర్లు లేవు. పాత పట్టీ మళ్ళీ తగిలించి, ముడత లేకుండా చుట్టాడు. దాని అంచు గుర్తుకు సరిగ్గా వచ్చి అతుక్కుంది. గాలి కొట్టి, కళ్ళు మూసుకుని విన్నాడు. ముల్లు కిందికి దిగాక ఏమీ చెప్పకుండా రెండోసారి కొట్టాడు.

"నూట ఎనభై రెండు" అన్నాడు చివరికి. "కింద నూట ఎనిమిది."

"చూశారా!" ఆమె వరస వైపు తిరిగింది. "నాకు నూట ఎనభై రెండట! నేను మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాను, మిషనే తప్పు."

ఎవరూ నవ్వలేదు.

డాక్టరుగారు ఆమె చేతి నుంచి పట్టీ విప్పారు. కాంపౌండరు చేతికి చుట్టి చూశారు. నూట పద్దెనిమిది. తన చేతికి చుట్టుకుని, స్టెతస్కోపు అతనికిచ్చారు. నూట ఇరవై నాలుగు.

"మిషన్ బాగానే ఉందమ్మా" అన్నారు. "మీ ఆయన చేతికి ఈ పట్టీ చాలదు. మీ మాట నిజం. మీ చేతికి ఇది సరిగ్గా సరిపోయింది."

బల్ల మీద ఆమె నోటుపుస్తకం ఇంకా విప్పే ఉంది. డాక్టరుగారు దాన్ని తన వైపు తిప్పుకున్నారు.

"ఇది ఎవరి రికార్డు?"

"మిషన్లదండి" అంది.

ఆయన వేలితో ఒక్కో వరసా దిగుతూ వచ్చారు. "మంగళవారం నూట డెబ్భై ఆరు. మళ్ళీ నూట డెబ్భై తొమ్మిది. బుధవారం నూట డెబ్భై మూడు. చివర తప్పు, తప్పు అని రాశారు." ఖాళీ గడి దగ్గర వేలు ఆగింది. "ఇక్కడ మీ చెయ్యి చూసుకోలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నాకు తలనొప్పి కూడా రాదండి."

"ఇది తలనొప్పిని వెంటబెట్టుకుని రాదు. చాలామందికి అసలేమీ తెలీదు." ఆయన ముందు రోకలి కాగితం తీసి, పనికి అభ్యంతరం లేదని రాసి, నెలలో మళ్ళీ రావాలని చేర్చి సంతకం పెట్టారు. తర్వాత కొత్త కాగితం తీశారు. "వాదించి వేడెక్కి ఉన్నారు కాబట్టి దీన్ని లెక్కలోకి తీసుకోను. స్థిమితంగా కూర్చోండి, మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇవాళే మందు మొదలుపెడదాం."

కాంపౌండరు స్టూలును కాలితో పక్కకు జరిపాడు. డాక్టరుగారి ఎదుట ఉన్న, వీపు ఆనించుకునే వీలున్న కుర్చీని రెండు చేతులా ఎత్తి తెచ్చి ఆమె వెనక వేశాడు. వరసలో ఎవరో వెనకవాళ్ళను గదిలోంచి కాస్త బయటికి జరగమన్నారు.

కింద గోదాములో షిఫ్టు కూత మోగింది. రోకలి సంతకం పెట్టిన కాగితాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. తలుపు వైపు వెళ్ళలేదు. బల్ల మీది లావుపాటి పుస్తకాలు రెండు, ఎర్ర అట్టది కూడా, ఒకదాని మీదొకటి పేర్చి ఆమె చేతి కింద పెట్టాడు. గుండె ఎత్తుకు వచ్చిందో లేదో వంగి చూసి, పైది తీసి ఇంకాస్త సన్నటిది పెట్టాడు.

"కూత అయిపోయింది, మీరు వెళ్ళండి. పైన ఎవరూ..."

"మాట్లాడకు" అన్నాడు.

వాచీ విప్పి బల్ల మీద పెట్టి, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె పాదాలు నేల మీద ఆనించింది. వీపు వెనక్కి వాల్చింది. పుస్తకాల పక్కన బల్ల మీద సుద్దపొడి లాంటి దుమ్ము కనిపించింది. ఆమె వేళ్ళు వాటంతట అవే కదిలి దాన్ని తుడవబోయాయి. అతను ఆ వేళ్ళ మీద తన చెయ్యి వేసి ఆపాడు.

"ఇంకా నాలుగు నిమిషాలుంది" అన్నాడు.